తొమ్మిది నంబర్ వన్ పాటల్లో డిస్కో మూడే: బీ జీస్‌ను ఎలా అర్థం చేసుకోవాలి?

ముగ్గురు అన్నదమ్ముల పాటల బృందం బీ జీస్ పేరు వినగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది ఒకే దృశ్యం: తెల్లటి సూటు, రంగురంగుల దీపాలు వెలిగే నేల, ఆకాశం వైపు ఎత్తిన వేలు. ఆ సూటు బీ జీస్‌ది కాదు. 1977లో వచ్చిన 'సాటర్‌డే నైట్ ఫీవర్' సినిమాలో నటుడు జాన్ ట్రవోల్టా వేసుకున్నది. ఆ సినిమాలో బీ జీస్ సభ్యులు ఎక్కడా కనిపించరు, వాళ్ల పాటలు వినిపిస్తాయి అంతే. అయినా ఆ దృశ్యమే వాళ్ల చిరునామాగా స్థిరపడిపోయింది.

దీనివల్ల రెండు రకాల గందరగోళం పుట్టింది. 1970ల నాట్య సంగీతమైన డిస్కో అంటే ఇష్టపడేవారు వీళ్లను ఆ సంగీతానికి రాజులన్నారు. డిస్కోను అసహ్యించుకున్నవారు వీళ్లే దానికి మూలమని నిందించారు. ఇద్దరూ ఒక విషయం మరిచిపోయారు. ఈ అన్నదమ్ములు చిన్నపిల్లలుగా పాడడం మొదలుపెట్టింది 1950ల మధ్యలో. బృందంగా చివరి ఆల్బమ్ తెచ్చింది 2001లో. ఆ నాలుగున్నర దశాబ్దాల్లో డిస్కో పట్టుమని ఐదేళ్లు కూడా లేదు. మరి మిగిలిన కాలమంతా వాళ్లు ఏం చేశారు? డిస్కో పోయాక కూడా వాళ్ల పాటలు ఎందుకు పోలేదు?

ఎవరీ అన్నదమ్ములు, ఆ పేరు ఎక్కడిది

పెద్దవాడు బ్యారీ గిబ్, 1946 సెప్టెంబరు 1న పుట్టాడు. రాబిన్, మారిస్ కవలలు, 1949 డిసెంబరు 22న పుట్టారు. ముగ్గురి జన్మస్థలం బ్రిటన్‌కు, ఐర్లండ్‌కు మధ్య సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని డగ్లస్ పట్టణం. తండ్రి హ్యూ గిబ్ డ్రమ్స్ వాయించేవాడు, సొంతంగా వాద్యబృందం నడిపేవాడు. 1955లో కుటుంబం ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు చేరింది. 1957 చివర్లో అక్కడి ఒక సినిమా హాలులో, ఆటల మధ్య విరామంలో, రికార్డు వేసి దానికి తగ్గట్టు పెదవులు కదపడానికి పిల్లలు బయల్దేరారనీ, దారిలో రికార్డు పగిలిపోవడంతో నిజంగానే పాడవలసి వచ్చిందనీ కుటుంబం చెప్పుకునే కథ. వాళ్ల మొదటి వేదిక అదే.

1958లో కుటుంబం ఆస్ట్రేలియాకు వలస వెళ్లింది. క్వీన్స్‌లాండ్‌లోని రెడ్‌క్లిఫ్‌లో కార్ల పందేల మైదానం ఉండేది. పందెం పందెం మధ్య ఈ పిల్లలు పాడేవారు, జనం నాణేలు విసిరేవారు, పిల్లలు పరుగెత్తి ఏరుకునేవారు. ఆ పందేల నిర్వాహకుడి పేరు బిల్ గూడ్. ఆయన వీళ్లను పరిచయం చేసింది బ్రిస్బేన్‌లోని రేడియో వ్యాఖ్యాత బిల్ గేట్స్‌కు (కంప్యూటర్ల బిల్ గేట్స్ అప్పటికి పసివాడు, ఈయన వేరు). బిల్ గూడ్, బిల్ గేట్స్, బ్యారీ గిబ్: అందరి పేర్ల మొదటి అక్షరాలూ బి, జి. అలా 'బీ జీస్' పుట్టింది. 'బ్రదర్స్ గిబ్' అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ఆ అర్థమే అందంగా కుదిరింది కాబట్టి అదే నిలిచింది.

నాలుగో తమ్ముడు ఆండీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, చాలామంది అతన్ని బృంద సభ్యుడనుకుంటారు. 1958లో పుట్టిన ఆండీ ఎన్నడూ బీ జీస్‌లో లేడు. ఒంటరిగా పాడాడు. అమెరికాలో అతని మొదటి మూడు సింగిల్సూ (విడి పాటగా వచ్చే రికార్డులు) నంబర్ వన్ అయ్యాయి. బృందంలో చేర్చుకునే ఆలోచన అన్నలకు ఉండేది. అది జరగకముందే 1988 మార్చి 10న, ముప్పై ఏళ్లకే, గుండె కండరాల వాపుతో చనిపోయాడు.

ఒకే ఇంటి గొంతులు కలిసినప్పుడు ఏం జరుగుతుంది

పాశ్చాత్య సంగీతంలో 'హార్మనీ' అంటే ఒకేసారి వేర్వేరు స్వరాలు కలిపి పాడడం. ఒకరు షడ్జమం, ఒకరు గాంధారం, ఒకరు పంచమం అందుకుంటే మూడు గొంతుల నుంచి నాలుగోది ఏదో పుట్టినట్టు వినిపిస్తుంది. దాని వెనుక లెక్క ఉంది. షడ్జమం సెకనుకు 200 కంపనాలనుకుందాం. అంతర గాంధారం 250, పంచమం 300 అవుతాయి. ప్రతి గొంతులోనూ అసలు స్వరంతోపాటు దాని రెట్టింపులు, మూడింతలు, నాలుగింతలు కూడా సన్నగా మోగుతుంటాయి. 200కు ఐదింతలు 1000. 250కి నాలుగింతలు కూడా 1000. రెండూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. గాంధారం కాస్త జారి 253 అయిందనుకోండి, దాని నాలుగింతలు 1012 అవుతుంది. 1000, 1012 రాసుకుని సెకనుకు పన్నెండు సార్లు అదురు పుడుతుంది. చెవికి అది గరుకుగా తగులుతుంది.

శ్రుతి శుద్ధంగా ఉండడం ఎంత ముఖ్యమో ఈ చిన్న లెక్క చెబుతుంది. అయితే శ్రుతి ఒక్కటే చాలదు. 'ఆ', 'ఓ' లాంటి అచ్చుల ఆకారం, పదాన్ని ఎప్పుడు అందుకుని ఎప్పుడు వదలాలన్నది, ఊపిరి ఎక్కడ తీయాలన్నది కూడా కలవాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి పాడితే ఇవన్నీ వాటంతటవే కలుస్తాయనే నమ్మకం ఇంగ్లిషు లోకంలో పాతది. దానికి 'బ్లడ్ హార్మనీ' అని పేరు కూడా ఉంది. ఎవర్లీ బ్రదర్స్ నుంచి కార్పెంటర్స్, జాక్సన్ 5 దాకా ఉదాహరణలు చూపిస్తారు.

ఇది రక్తమా, అలవాటా? రక్తం అనేవారి వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. నోరు, గొంతు, ముక్కు రంధ్రాల ఆకారమే గాత్రానికి రంగునిస్తుంది, ఆ ఆకారం వంశంలో నడుస్తుంది. అలవాటు అనేవారు మరో వైపు నుంచి వస్తారు: ఒకే ఇంట్లో, ఒకే యాసతో, ఒకే భోజనాల బల్ల దగ్గర మాట నేర్చినవాళ్ల అచ్చులు కలవకపోతేనే వింత. పైగా రక్తసంబంధం లేని సైమన్, గార్‌ఫంకెల్ బడి వయసు నుంచి కలిసి పాడి అంతే దగ్గరి మేళవింపు సాధించారు.

నా మొగ్గు రెండో వైపే. కారణం బీ జీస్ గొంతులే. విడివిడిగా వినండి. బ్యారీది ఊపిరి కలిసిన మెత్తని గొంతు. రాబిన్‌ది ఏడుపు అంచున వణికే గొంతు, ఒక్క పదం వింటే ఆయనేనని తెలిసిపోతుంది. మారిస్ గొంతు ఆ రెండింటి మధ్య ఖాళీ ఎక్కడుంటే అక్కడికి, పైకో కిందికో, వెళ్లి సర్దుకునేది. మూడూ ఒకేలా లేవు. కవలలైన రాబిన్, మారిస్ కూడా ఒకే పోలిక ఉన్న కవలలు కారు. కలిపింది రక్తం ఒక్కటే అయితే వాళ్లిద్దరి గొంతులు అంత దూరంగా ఉండేవి కావు. 1967లో ప్రపంచం వాళ్లను మొదటిసారి విన్నప్పటికి కవలల వయసు పదిహేడేళ్లు. అప్పటికే పదేళ్లకు పైగా రోజూ కలిసి పాడుతున్నారు. ఆ వయసులో అంత సాధన వేరే ఎవరికి ఉంటుంది?

డిస్కోకు ముందటి జీవితం

1967 మొదట్లో కుటుంబం తిరిగి ఇంగ్లండ్ చేరింది. బీటిల్స్ మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ సంస్థలో పనిచేస్తున్న రాబర్ట్ స్టిగ్‌వుడ్ వీళ్ల రికార్డులు విని ఒప్పందం చేసుకున్నాడు. గిటారుకు విన్స్ మెలౌనీ, డ్రమ్స్‌కు కొలిన్ పీటర్సన్ చేరారు. గని ప్రమాదంలో చిక్కుకున్న మనిషి గురించిన 'న్యూయార్క్ మైనింగ్ డిజాస్టర్ 1941' విని కొందరు బీటిల్స్ మారుపేరుతో పాడారనుకున్నారు. అదే ఏడు 'మసాచుసెట్స్' బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. రాసేనాటికి వాళ్లు అమెరికాలోని ఆ రాష్ట్రం మొహం చూసి ఎరగరు.

అప్పటి పాటల్లో 'టు లవ్ సమ్‌బడీ' దగ్గర కాస్త ఆగాలి. బ్యారీ, రాబిన్ దాన్ని సోల్ (అమెరికా నల్లజాతివారి భావోద్వేగ గాన శైలి) గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ కోసం రాశారు. రెడ్డింగ్ 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో మరణించారు, ఆ పాట పాడలేదు. బీ జీస్ తామే పాడుకున్నారు. తర్వాత నీనా సిమోన్, జానిస్ జాప్లిన్ పాడారు. అంటే డిస్కోకు పదేళ్ల ముందే వీళ్లు సోల్ సంగీతం వైపు చెవి పెట్టి ఉన్నారు. 1975లో ఏదో ఊడిపడ్డట్టు నల్లజాతి లయలను ఎత్తుకున్నారనే మాట ఇక్కడే బలహీనపడుతుంది.

1969లో బృందం చీలింది. కారణం బయటివారికి చిన్నదిగా తోచవచ్చు. రికార్డుకు రెండు వైపులుంటాయి. మొదటి వైపు పాటనే రేడియోలు వేస్తాయి. ఆ వైపుకు బ్యారీ పాడిన 'ఫస్ట్ ఆఫ్ మే'ను ఎంచుకున్నారు, రాబిన్ పాడిన 'ల్యాంప్‌లైట్' వెనుక వైపుకు వెళ్లింది. రాబిన్ వెళ్లిపోయారు. ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందన్న పాత తగాదా, స్టూడియోలో ఎవరి గొంతు ముందుంటుందన్న తగాదాగా మారితే ఎంత ముదురుతుందో ఈ ఒక్క సంఘటన చాలు. అన్నదమ్ముల బృందాలకు ఉన్న వరమూ శాపమూ ఒకటే: బయట గొడవపడితే ఇంటికి వెళ్లి మరిచిపోవచ్చు, వీళ్లకు వెళ్లడానికి వేరే ఇల్లు లేదు. 1970లో మళ్లీ కలిశారు. కలిసిన వెంటనే బ్యారీ, రాబిన్ రాసిన విరహగీతం 'హౌ కెన్ యూ మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్' 1971లో అమెరికాలో వాళ్ల మొదటి నంబర్ వన్ అయింది.

తర్వాత జారుడు. 1974 నాటికి వాళ్లు రికార్డు చేసిన ఒక ఆల్బమ్‌ను కంపెనీ విడుదల చేయకుండా పక్కన పెట్టేసింది. ఒకప్పుడు పెద్ద హాళ్లు నింపినవాళ్లు ఉత్తర ఇంగ్లండ్‌లో భోజనం చేస్తూ పాటలు వినే క్లబ్బుల్లో పాడవలసి వచ్చింది.

మయామీలో దొరికిన దొంగగొంతు

గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ సలహాతో 1975లో అమెరికాలోని మయామీకి వెళ్లారు. అక్కడ క్రైటీరియా స్టూడియోలో నిర్మాత ఆరిఫ్ మార్డిన్‌తో 'మెయిన్ కోర్స్' ఆల్బమ్ చేశారు. స్టూడియోకు వెళ్లే దారిలో ఒక వంతెన. దానిపై కారు వెళ్తుంటే చక్రాల కింద టకటకమని లయ వినిపించేది. 'జైవ్ టాకిన్' దాని నుంచే పుట్టింది, నంబర్ వన్ అయింది.

అదే ఆల్బమ్‌లో 'నైట్స్ ఆన్ బ్రాడ్‌వే' చివర్లో ఎవరైనా పై స్థాయిలో అరిచినట్టు పాడగలరా అని మార్డిన్ అడిగారు. బ్యారీ ప్రయత్నించారు. తనలో అలాంటి గొంతు ఉందని ఆయనకే అప్పుడు తెలిసింది. దాన్నే ఫాల్సెట్టో అంటారు, తెలుగులో దొంగగొంతు. మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు మందంగా, నిండుగా కలుసుకుని కంపిస్తాయి. దొంగగొంతులో అవి సాగి పలచబడి, అంచులు మాత్రమే కంపిస్తాయి. పూర్తిగా మూసుకోవు కాబట్టి గాలి కలిసిన సన్నని స్వరం వస్తుంది. సోల్ గాయకులకు అది అంతకుముందే తెలిసిన విద్య. బ్యారీ దాన్ని కనిపెట్టలేదు. ఆయన చేసిన కొత్త పని, అలంకారంగా అక్కడక్కడా వాడే ఆ గొంతుతో పాటంతా నడిపించడం, దానికి తమ్ముళ్ల గొంతులతో గోడ కట్టడం. 1978 నాటి 'టూ మచ్ హెవెన్'లో ముగ్గురూ తమ భాగాలను తొమ్మిదిసార్లు పాడి ఒకదానిపై ఒకటి పేర్చారు. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు గొంతులు. హెడ్‌ఫోన్లలో కళ్లు మూసుకుని వింటే ఆ పాట గాలిలో తేలే గుడిలా అనిపిస్తుంది నాకు.

ఒక టేపు ముక్క కథ

1977లో ఫ్రాన్స్‌లో, పారిస్‌కు దగ్గరలోని ఎరూవిల్ అనే పాత కోటలో ఉన్న స్టూడియోలో పనిచేస్తుండగా స్టిగ్‌వుడ్ ఫోను చేసి తాను నిర్మిస్తున్న సినిమాకు, అదే 'సాటర్‌డే నైట్ ఫీవర్'కు, పాటలు కావాలన్నారు. అన్నదమ్ములు రాసి ఇచ్చారు. 'స్టేయిన్ అలైవ్' రికార్డు చేసే సమయానికి డ్రమ్మర్ డెనిస్ బ్రయన్ కుటుంబ కారణంతో ఊరు వెళ్లవలసి వచ్చింది. డ్రమ్స్ ఎవరు వాయించాలి?

నిర్మాతలు ఆల్బీ గాలుటెన్, కార్ల్ రిచర్డ్‌సన్ ఒక ఉపాయం చేశారు. అప్పటికే రికార్డయిన 'నైట్ ఫీవర్' నుంచి రెండు ఆవర్తాల డ్రమ్స్ ఉన్న టేపును కత్తిరించి, రెండు కొసలూ అతికించి వలయం చేశారు. ఆ వలయం తిరుగుతూనే ఉంటే అదే దరువు ఆగకుండా వస్తుంది. వలయం ఎంత పొడవుంటుంది? పాట వేగం నిమిషానికి సుమారు 103 దెబ్బలు. రెండు ఆవర్తాలంటే ఎనిమిది దెబ్బలు, అంటే 4.66 సెకన్లు. స్టూడియో టేపు సెకనుకు 30 అంగుళాల చొప్పున తిరుగుతుందనుకుంటే 140 అంగుళాలు, దాదాపు మూడున్నర మీటర్లు. యంత్రంలో పట్టదు. అందుకే టేపును మైకు స్టాండు మీదుగా వేలాడదీసి, బిగుతు కోసం ఒక ప్లాస్టిక్ రీలును బరువుగా కట్టారు.

ఆ దరువుకు యంత్రం లాంటి నిలకడ, మనిషి చేతి వెచ్చదనం రెండూ ఉన్నాయి. రికార్డుపై డ్రమ్మర్ పేరు 'బెర్నార్డ్ లూప్' అని వేశారు. లేని ఆ మనిషిని తమ పాటలకు పిలిపించుకోవాలని కొందరు వాకబు చేశారట. ఒక ముక్కను పదేపదే తిప్పి పాట కట్టడం తర్వాతి తరాల పాప్‌కూ హిప్ హాప్‌కూ పునాది పద్ధతి అయింది. ఇక ఆ 103 అనే సంఖ్యకు మరో ఉపయోగం దొరికింది. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలన్నది వైద్య నియమం. మనసులో ఆ పాట పాడుకుంటే వేగం తప్పదని ప్రాణరక్షణ శిక్షణలో నేర్పుతున్నారు.

ఇంతకీ డిస్కో ఎంత?

ముందు మాటకు అర్థం. డిస్కో అంటే ప్రతి దెబ్బకూ పెద్ద డ్రమ్ము సమానంగా మోగే, నాట్యానికి ఆగకుండా సాగే సంగీతం. 1970ల మొదట్లో న్యూయార్క్ లాంటి నగరాల క్లబ్బుల్లో నల్లజాతివారు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు కలిసి నాట్యమాడిన చోట అది పెరిగింది.

ఇప్పుడు అమెరికాలో బీ జీస్‌కు దక్కిన తొమ్మిది నంబర్ వన్ పాటలను ఈ కొలతతో చూద్దాం. 'హౌ కెన్ యూ మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్', 'హౌ డీప్ ఈజ్ యువర్ లవ్', 'టూ మచ్ హెవెన్': మూడూ నెమ్మదైన ప్రేమగీతాలు. 'జైవ్ టాకిన్' ఫంక్ లయ, అంటే బేస్, డ్రమ్స్ విరుపులతో నడిచే నల్లజాతి సంగీతపు లయ. 'లవ్ యూ ఇన్‌సైడ్ అవుట్' మందగమనంలో సాగే సోల్ పాట. 'ట్రాజెడీ' నాట్యానికి పనికొచ్చినా దాని నాటకీయత రాక్‌కు దగ్గర. అందులోని పేలుడు శబ్దం కోసం బ్యారీ మైకు చుట్టూ దోసిలి పట్టి నోటితో ఊదారు. ఇక మిగిలినవి 'యూ షుడ్ బీ డ్యాన్సింగ్', 'స్టేయిన్ అలైవ్', 'నైట్ ఫీవర్'. సందేహం లేని డిస్కో ఈ మూడే. 'ట్రాజెడీ'ని కలుపుకుంటానని ఎవరైనా అంటే నాలుగు. తొమ్మిదిలో సగానికి రాదు.

మరి ముద్ర ఎందుకు పడింది? ఆ మూడు పాటలూ మోగిన తీరు అలాంటిది. 1978 మొదట్లో అమెరికాలో వరుసగా నాలుగు నంబర్ వన్ పాటల రచనలో బ్యారీ చెయ్యి ఉంది: 'స్టేయిన్ అలైవ్' నాలుగు వారాలు, ఆండీ పాడిన 'లవ్ ఈజ్ థికర్ దేన్ వాటర్' రెండు, 'నైట్ ఫీవర్' ఎనిమిది, ఇవాన్ ఎలిమన్ పాడిన 'ఇఫ్ ఐ కాన్ట్ హ్యావ్ యూ' ఒకటి. మొత్తం పదిహేను వారాలు. మూడున్నర నెలలు రేడియో పెడితే అదే ఇంటి పాట. సినిమా ఆల్బమ్ 24 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. అంతగా వినిపిస్తే ప్రేమా పెరుగుతుంది, విసుగూ పెరుగుతుంది.

1979 జులై 12: రికార్డుల పేల్చివేత

'లవ్ యూ ఇన్‌సైడ్ అవుట్'తో వరుసగా ఆరో నంబర్ వన్ అందుకున్నది 1979 జూన్‌లో. నెల తిరిగిన కొద్ది రోజులకే షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య, రేడియో వ్యాఖ్యాత స్టీవ్ డాల్ ఒక పెట్టెనిండా డిస్కో రికార్డులను పేల్చేశాడు. డిస్కో రికార్డు తెచ్చినవారికి టికెట్టు 98 సెంట్లే. జనం మైదానంలోకి దూకి గడ్డిని పెకలించారు, రెండో ఆట జరగలేదు.

దీనిపై వాదన ఇప్పటికీ నడుస్తోంది. డాల్ వైపు మాట: అది నచ్చని సంగీతంపై కుర్రాళ్ల ఎగతాళి, అంతకుమించి ఏమీ లేదు. రాక్ పాటలు వేసే రేడియోలు డిస్కోకు మారి తనలాంటివాళ్ల ఉద్యోగాలు పోయాయి, ఆ కోపం నిజమైనదే. మరో వైపు మాట: ఆ కోపం ఎవరి మీదకు మళ్లిందో చూడాలి. ఆ రోజు అక్కడ పనిచేసిన నల్లజాతి యువకుడు విన్స్ లారెన్స్ తర్వాతి కాలంలో హౌస్ సంగీత (డిస్కో నుంచి పుట్టిన ఎలక్ట్రానిక్ నాట్య సంగీతం) నిర్మాతగా పేరు తెచ్చుకున్నారు. జనం తెచ్చిన రికార్డుల్లో డిస్కో కాని నల్లజాతి కళాకారుల పాటలు కూడా ఉన్నాయని ఆయన సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టడం నాకు సాధ్యం కాదు. డాల్ ఉద్దేశం ఏదైనా, పెట్టెలో చేరింది ఏమిటన్నది కూడా లెక్కలోకి రావాలి.

బీ జీస్ ఈ కథలో ఇబ్బందికరమైన చోట నిలబడ్డారు. అట్టడుగు క్లబ్బుల సంగీతాన్ని తెల్లవాళ్లుగా ఇంటింటికీ చేర్చి, పేరూ డబ్బూ వాళ్లు తీసుకున్నారన్న విమర్శలో నిజం ఉంది. ఆ ప్రాచుర్యం వల్లే ఎదురుదెబ్బ మొత్తం సంగీతం మీద పడిందన్నదీ నిజమే. వాళ్లకూ మూల్యం తప్పలేదు. 'బీ జీస్ లేని వారాంతం' అని రేడియోలు ప్రకటనలు చేశాయి. ఆ తర్వాత వాళ్ల పాట ఒక్కటంటే ఒక్కటే అమెరికాలో మొదటి పది స్థానాల్లోకి వెళ్లింది. అది 1989లో వచ్చిన 'వన్'.

పేరు దాచుకుని రాసిన దశాబ్దం

రేడియోలు వాళ్ల గొంతును వద్దనుకున్నాయి. వాళ్ల పాటలను మాత్రం వదులుకోలేకపోయాయి, చాలా సందర్భాల్లో అవి వాళ్లవని శ్రోతకు తెలియలేదు. 1980లో బార్బ్రా స్ట్రైసాండ్ పాడిన 'ఉమన్ ఇన్ లవ్', 1982లో డియోన్ వార్విక్ 'హార్ట్‌బ్రేకర్', 1983లో కెన్నీ రోజర్స్, డాలీ పార్టన్ కలిసి పాడిన 'ఐలండ్స్ ఇన్ ది స్ట్రీమ్', 1986లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయిన డయానా రాస్ 'చెయిన్ రియాక్షన్'. ఒకటి నాటకీయ ప్రేమగీతం, ఒకటి కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) యుగళగీతం, ఒకటి 1960ల నల్లజాతి పాప్ రికార్డు సంస్థ మోటౌన్ కాలాన్ని గుర్తుచేసే పాట. రాసింది అదే కుటుంబం. 'ఉమన్ ఇన్ లవ్' వెనుక నడిచేది కూడా ఫ్రాన్స్‌లో అతికించిన ఆ టేపు ముక్కే.

బ్రిటన్‌లో పగ అంత లోతుగా లేదు. 1987లో 'యూ విన్ అగెయిన్' అక్కడ నంబర్ వన్ అయి, 1960లు, 70లు, 80లు మూడు దశాబ్దాల్లోనూ ఆ స్థానం అందుకున్న తొలి బృందంగా వాళ్లను నిలిపింది. అదే పాట అమెరికాలో 75వ స్థానం దాటి పైకి రాలేదు. పాట మారలేదు, వినేవాళ్ల మనసు మారింది. ముద్ర ఎంత బరువైనదో తూచడానికి ఇంతకన్నా మంచి త్రాసు లేదు.

కోర్టుకెక్కిన ఒక బాణీ

'హౌ డీప్ ఈజ్ యువర్ లవ్' తన పాటకు నకలని ఇల్లినాయిస్‌కు చెందిన ఒక పాటల రచయిత దావా వేశారు. 1983లో షికాగోలో విచారణ జరిగింది. రెండు బాణీలూ బాగా దగ్గరగా ఉన్నాయి. ఎంత దగ్గరంటే, సాక్షిగా నిలబడిన మారిస్‌కు ఆ రచయిత పాట వినిపిస్తే అది తమదేనని పొరబడ్డారు. జ్యూరీ బీ జీస్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది.

న్యాయమూర్తి ఆ తీర్పును కొట్టేశారు, 1984లో అప్పీలు కోర్టు ఆయనతో ఏకీభవించింది. కాపీ అని తేలాలంటే పోలిక ఉంటే చాలదు, ఆ పాట వీళ్ల చెవిన పడే అవకాశం ఉందని కూడా చూపాలి. ఆ రచయిత తన పాటను సొంత ఊరి పరిసరాల్లో రెండు మూడుసార్లు వాయించి, కొన్ని కంపెనీలకు టేపులు పంపారు. అక్కడి నుంచి ఫ్రాన్స్‌లోని కోటకు దారి ఎవరూ చూపలేకపోయారు. మరోవైపు, బ్యారీ వెతుక్కుంటూ, తడబడుతూ బాణీ కడుతున్న టేపు బీ జీస్ దగ్గర ఉంది. ఇద్దరు మనుషులకు విడివిడిగా ఒకే బాణీ తోచవచ్చన్నది చట్టం ఒప్పుకున్న మాట. కాపీరైటు పాఠాల్లో ఈ కేసు పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

అమ్మకాల అంకెలు ఎందుకు కలవవు

బీ జీస్ రికార్డులు 12 కోట్లు అమ్ముడయ్యాయని ఒకచోట, 22 కోట్లని మరోచోట చదువుతాం. లెక్కించే తీరులోనే తేడా ఉంది. సినిమా ఆల్బమ్‌నే తీసుకోండి, అందులో 17 భాగాలున్నాయి. బీ జీస్ పాడినవి ఆరు, వాటిలో రెండు ('జైవ్ టాకిన్', 'యూ షుడ్ బీ డ్యాన్సింగ్') సినిమాకు ముందే వచ్చిన పాతవి. వాళ్లు రాయగా ఇతరులు పాడినవి మరో రెండు. మిగిలిన తొమ్మిదితో వాళ్లకు సంబంధం లేదు. నాలుగు కోట్లకు పైగా అమ్ముడైందని చెప్పే ఆ ఆల్బమ్‌ను పూర్తిగా వాళ్ల ఖాతాలో వేస్తారా, వేయరా? దాన్నిబట్టే మొత్తం మారిపోతుంది. అందుకే ఏ అంకె చూసినా ముందు ఏది కలిపారో అడగాలి.

ముగ్గురిలో మిగిలింది ఒకరు

1997లో బీ జీస్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆ రోజుల్లోనే కొత్త తరం వాళ్ల పాటలు ఎత్తుకుంది. బాయ్‌జోన్ 'వర్డ్స్', టేక్ దట్ 'హౌ డీప్ ఈజ్ యువర్ లవ్', స్టెప్స్ 'ట్రాజెడీ' పాడి బ్రిటన్‌లో నంబర్ వన్ చేశారు.

2003 జనవరి 12న మారిస్ పేగు మెలిపడిన సమస్యతో హఠాత్తుగా చనిపోయారు. మధ్యలోని ఖాళీలను పూరించిన ఆ గొంతు ముందుగా పోయింది. రాబిన్ 2012 మే 20న మరణించారు. అందరికంటే పెద్దవాడైన బ్యారీ ముగ్గురు తమ్ముళ్లనూ సాగనంపారు. 2018లో ఆయనకు నైట్ బిరుదు వచ్చింది.

2021లో బ్యారీ 'గ్రీన్‌ఫీల్డ్స్' అనే ఆల్బమ్ తెచ్చారు. గిబ్ సోదరుల పాటలు పన్నెండింటిని అమెరికాలోని నాష్‌విల్‌లో, కంట్రీ తదితర గాయకులతో కలిసి మళ్లీ పాడారు. బ్రిటన్‌లో అది నంబర్ వన్ అయింది. 'స్టేయిన్ అలైవ్' అందులో లేదు. 'నైట్ ఫీవర్' లేదు. 'యూ షుడ్ బీ డ్యాన్సింగ్' లేదు. 'టు లవ్ సమ్‌బడీ' ఉంది, 'టూ మచ్ హెవెన్' ఉంది. అన్నిటికంటే చివరగా 'బటర్‌ఫ్లై' ఉంది. బీ జీస్ ఆస్ట్రేలియాలో ఉన్న రోజుల్లో, 1966లో, పాడిన పాట అది. ముగ్గురు అన్నదమ్ముల కోసం కట్టిన ఆ పాటలో తమ్ముళ్ల చోటు ఇప్పుడు గాయకులు గిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్‌లది. నడుమ బ్యారీ, డెబ్భై దాటిన గొంతుతో, తన భాగాన్ని తాను పాడుతున్నారు.